పాలు పట్టే దిండు మంచిదే, తంటా అంతా పట్టీతోనే

పాలిచ్చేటప్పుడు బిడ్డ కింద ఆనించుకునే ఈ దిండు మీద నాకు కోపం లేదు. కోపమంతా దాని పట్టీ మీదే. నడుం చుట్టూ తిప్పి బిగించే ఆ పట్టీకి స్కూలు బూట్లకు ఉండే అంటుకునే అతుకు పెట్టారు. విప్పిన ప్రతిసారీ చర్రుమని చప్పుడు. పాప తాగుతూ తాగుతూ నిద్రలోకి జారుకున్నాక లేచి పడుకోబెట్టాలంటే ముందు అది విప్పాలి. విప్పగానే ఉలిక్కిపడి ఏడుపు. అర్ధరాత్రి మళ్లీ మొదటికి. బాలింత వాడే వస్తువుకు ఇలాంటి అతుకు ఎలా పెట్టాలనిపించిందో!

పోనీ పట్టీ లేకుండా వాడదామా అంటే కుదరదు. నాది ఆపరేషన్ కాన్పు. కావలిలో పుట్టింటికి వచ్చిన కొత్తలో పాపను ఒడిలో అడ్డంగా పెట్టుకుంటే కాళ్లు సరిగ్గా కుట్ల మీదే తగిలేవి. ఆసుపత్రిలో నర్సమ్మ వేరే పద్ధతి చూపించింది. బిడ్డను సంక కిందుగా పెట్టుకుని, కాళ్లు మన వీపు వైపు పోనిచ్చి, మెడను, భుజాలను అరచేత్తో ఆనించాలి. దిండును ఆ పక్కకు తిప్పి బిగిస్తే పాప బరువంతా దాని మీదే ఉండేది. చెవి, భుజం, తుంటి ఒక్క వరసలోకి వచ్చేవి. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండేది. నోరు పెద్దగా తెరిచినప్పుడు దగ్గరకు తీసుకుంటే ముందు గడ్డం ఆనేది. మొనల మంట తగ్గింది అప్పటినుంచే. పట్టీ వదులైతే మాత్రం దిండు ముందుకు జరిగి మధ్యలో సందు పడుతుంది. బిడ్డ కిందికి దిగుతుంది, మనం వంగిపోతాం, నోట్లో మొన కొస ఒక్కటే మిగులుతుంది. మళ్లీ నొప్పి, నడుం పోటు.

ఉతికేకొద్దీ అతుకులో నూగు చేరి ఆ పట్టు కూడా పోయింది. ఒక రాత్రి పాలిస్తుండగానే ఊడిపోయింది. పక్కనే ఉన్న అమ్మ పాపను ఒడిసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది, నాకైతే చాలాసేపు చేతులు వణికాయి. తెల్లారగానే అమ్మ దాన్ని మా వీధి టైలర్ దగ్గరకు తీసుకెళ్లి, అతుకు కోయించి, స్కూలు బ్యాగులకు ఉండే ప్లాస్టిక్ క్లిప్ కుట్టించింది. టక్కుమనే శబ్దం కూడా గుప్పిట్లో పెట్టి నొక్కితే వినపడదు. నాకు ఆ దిండు నిజంగా పనికొచ్చింది ఆ తర్వాతే.

ఇది లేకపోతే పాలివ్వలేకపోయేదాన్నని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు అంత మాట అనను. ఎండలు ముదిరాక లోపలి స్పాంజి వేడెక్కి పాప మెడ కింద చెమటకాయలు లేచాయి. పైన పాత నూలు చీర మడిచి వేస్తే కాస్త నయం. పినాకిని రైల్లో ఒంగోలు అత్తగారింటికి వెళ్లినప్పుడు మోసుకెళ్లలేక వదిలేశాను. అప్పటికి కుట్లు మానాయి, పాపకు మెడ నిలిచింది. మడిచిన దుప్పటి చాలింది. ఇంకోటి, పాలు తాగాక బిడ్డను దాని మీదే నిద్రపోనివ్వకండి. ముఖం కూరుకుపోతే ఊపిరాడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు.

ఆపరేషన్ అయినవాళ్లు కొనుక్కోవచ్చు, క్లిప్ ఉన్నదే చూసుకోండి. నేను పొట్టి, నాకు దాని ఎత్తు సరిపోయింది. ఇప్పుడు మా వదిన వాడుతోంది. ఆమెది మామూలు కాన్పు, మనిషి పొడుగు. కింద ఇంకో తలగడ పెట్టుకుంటే గానీ బిడ్డ రొమ్ము ఎత్తుకు రావడం లేదంటోంది.