ఏది మేలు: గేరిలో ఇల్లా, క్యాంపులో ఫ్లాటా, వెంచర్లో స్థలమా?

మా చిన్నాన్న కొడుకు బెంగళూరు నుంచి కర్నూలుకు వచ్చేస్తున్నాడు. ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి సొంతూళ్లో ఇల్లు చూసుకుంటాడట. "అన్నా, మూడు చూసినా. యాడ తీసుకోమంటావు?" అని ఫోన్ చేశాడు. ఒకటి పాతూర్లో చిత్తారి వీధి దగ్గర గేరిలో, అంటే సందు వీధిలో, పాత మిద్దె. రెండోది సి.క్యాంపు అనే పేట వైపు ఒక ఫ్లాటు. మూడోది నంద్యాల చెక్‌పోస్టు దాటి చాలా దూరం పోయాక వచ్చే వెంచర్లో 5 సెంట్ల స్థలం, ఇల్లు కట్టుకోవాలి. వాడు ధర, వాస్తు, నీళ్లు అన్నీ విచారించుకున్నాడు. నేను మాత్రం ఒక్కటే అడిగాను. రోజుకు ఎన్నిసార్లు బండి తాళం పట్టుకోవాల్సి వస్తుందిరా అని.

ఈ లెక్క నాకు మా చెల్లెలి ఇంట్లో తెలిసొచ్చింది. తనది అటువైపే ఇంకో వెంచర్. పోయిన వేసవిలో మా ఇంటికి సున్నాలు వేయిస్తూ పది రోజులు అక్కడే ఉన్నాం. వాళ్ల తలుపు పక్కన తాళాలు తగిలించే కొక్కెం ఉంది. దానికి తాళం తగిలించి ఉండగా నేను చూసింది తక్కువ. పాలకు ఒకసారి, పాప ట్యూషన్‌కు ఒకసారి, అమ్మ బీపీ మాత్రలకు ఒకసారి, కరివేపాకు మర్చిపోయారని మళ్లీ ఒకసారి. ఒకరోజు ఊరికే లెక్కపెడితే ఏడుసార్లు తేలింది. పాతూర్లో మా ఇంట్లో అయితే ఆఫీసుకు పోయేటప్పుడు ఒకసారి తీస్తాను. ఆదివారం అదీ లేదు.

అలాగని పాతూరేమీ స్వర్గం కాదు. మంచి ముందు చెప్పి చెడు తర్వాత చెప్తాను.

మా గేరిలో కింద అంగడి, పైన కాపురం. ఎవరూ ప్లాను గీసి పెట్టింది కాదు, తాతల నాటి నుంచి అంతే. గడప దాటి రెండు నిమిషాలు నడిస్తే పిండి మిల్లు, ఇస్త్రీ బండి, మందుల షాపు, పొద్దున ఉగ్గాని బజ్జీ. ఇంకాస్త నడిస్తే పూలబజారు, షరాఫ్ బజారు. పెళ్లికి పూలూ బంగారమూ రెండూ కాలినడకనే తెచ్చుకోవచ్చు, డబ్బులుంటే. పావుగంట నడకలో అన్నీ దొరికే నగరం చేస్తామని పారిస్ మేయర్ 2020 ఎన్నికల్లో చెప్పుకున్నారు. మా గేరికి పావుగంట కూడా అక్కర్లేదు.

ఇంకో సంగతి ఎండాకాలం వస్తే గానీ అర్థం కాదు. కర్నూల్లో మే నెల ఎండ ఎలాంటిదో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పది పన్నెండు అడుగుల సందుకు రెండు పక్కలా మిద్దెలుంటే నట్టమధ్యాహ్నం కాసేపు తప్ప ఏదో ఒక గోడ పక్కన నీడ దొరుకుతుంది. గోడ నీడన నడిచి పోవచ్చు. వెంచర్లో 40 అడుగుల రోడ్డును బ్రోచర్లో పెద్దగా వేస్తారు. చెట్టు లేని 40 అడుగుల తారురోడ్డు మీద మధ్యాహ్నం నడిచి చూడమనండి. వెంచరు వేసినప్పుడే వరసగా కానుగలు, వేపలు నాటి ఉంటే మాట వేరు. చాలాచోట్ల గేటు దగ్గర నాలుగు అలంకారపు తాటిచెట్లు నాటి ఊరుకుంటారు.

ఇక పాతూరి చెడు. కారుంటే తలనొప్పే. మా పక్కింటాయన కారు రెండు వీధుల అవతల అద్దె స్థలంలో పెట్టి నడిచొస్తాడు. మురికి కాలవ పొంగితే వాకిట్లోకి వస్తుంది. అన్నిటికంటే భయపెట్టేది అంబులెన్స్. మా పెద్దమ్మకు అర్ధరాత్రి గుండె నొప్పి వస్తే బండి సందులోకి రాలేదు, స్ట్రెచర్ మీద వీధి చివరిదాకా మోసుకుపోయాం. ఆ రాత్రి తర్వాత సందులు ముచ్చటగా ఉంటాయని నేను ఎవరితోనూ అనలేదు.

వరద సంగతి వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిపడుతుంటే ఇక్కడి నీళ్లు పోయే దారి లేక ఊరిమీద పడ్డాయి. పాతూరు మునిగింది. అందుకే తమ్ముడికి ఒకటే చెప్పా. ఆ ఇల్లు తీసుకునేటట్టయితే అప్పటి నీళ్ల గీత గోడ మీద ఎంత ఎత్తుకు వచ్చిందో పక్కింటి ముసలాళ్లను అడుగు, బ్రోకర్‌ను అడగొద్దు.

వెంచర్ సంగతికొస్తే, బాగున్నవి బాగున్నాయనే చెప్పాలి. గాలి, వెలుతురు, రాత్రి నిశ్శబ్దం. పిల్లలు రోడ్డు మీద సైకిల్ తొక్కుతారు, క్రికెట్ ఆడతారు. మా గేరిలో బంతి విసిరితే ఎవరో ఒకరి స్కూటర్ అద్దం పగులుతుంది. సెంటు ధర కూడా తక్కువే.

కానీ అక్కడికి కిరాణా అంగడి ఎందుకు రాదో కాస్త ఆలోచించండి. వంద ప్లాట్లు అమ్ముడుపోయాయంటే వంద ఇళ్లు వచ్చినట్టు కాదు. ఎక్కువమంది ధర పెరుగుతుందని కొని పెట్టుకున్నవాళ్లు. ఇళ్లు కట్టినవాళ్లు అక్కడొకరు ఇక్కడొకరు. పాతిక ఇళ్లను నమ్ముకుని అంగడి పెడితే అద్దె కూడా గిట్టదు. అంగడి లేదు కాబట్టి అందరూ బండి కొంటారు. బండి ఉంది కాబట్టి నెల సరుకులు టౌన్‌కు పోయి ఒకేసారి తెచ్చుకుంటారు. ఆ తర్వాత ఎవరైనా ధైర్యం చేసి అంగడి తెరిచినా అరువుకు వచ్చేవాళ్లే గానీ నెల సరుకులు తీసుకునేవాళ్లు రారు. ఆర్నెల్లకు షట్టర్ దించేస్తారు. మా చెల్లెలి వీధిలో ఇది రెండుసార్లు జరిగింది.

దీనికి తోడు గోడలు. ఒక్కో వెంచరుకు ఒక్కో ప్రహరీ, ఒక్కో గేటు. చెల్లెలి ఇంటి వెనకే ఇంకో వెంచర్లో పాలబూత్ ఉంది, మిద్దెపైకెక్కితే కనిపిస్తుంది. గోడకు చిన్న దారి పెట్టి ఉంటే నాలుగు నిమిషాలు. లేదు కాబట్టి గేటు చుట్టి హైవే ఎక్కి దిగి కిలోమీటరు పైన. "కనిపించే పాలకు పెట్రోలు కాల్చుకోవాల్నా అన్నా" అంటుంది. ఆ గోడ పగలగొట్టడానికి అటువాళ్లూ ఇటువాళ్లూ ఒప్పుకోరు, దొంగల భయమట.

ఖర్చు చూడండి. బావమరిది ఆఫీసుకు పోనూ రానూ 22 కిలోమీటర్లు, చెల్లెలి స్కూటీ తిరుగుడు అన్నీ కలిపి రోజుకు మరో 18. లీటరుకు 45 వస్తుందనుకున్నా రోజుకు దగ్గర దగ్గర లీటరు, నెలకు మూడు వేల రూపాయలు. ఇది భరించొచ్చు. బరువంతా రెండో బండిది, దాని కంతులది. పాప కాలేజీకొస్తే మూడోది కావాలి. సెంటు మీద మిగిలింది ఇలా నెలనెలా పోతుంది.

డబ్బులతో తూచలేనిది మా అమ్మ సంగతి. పాతూర్లో కర్ర పట్టుకుని గుడికి పోతుంది, దారిలో ముగ్గురితో మాట్లాడుతుంది, కూరగాయలు బేరమాడి తెస్తుంది. చెల్లెలి ఇంట్లో ఆ పది రోజులూ ఎవరైనా తీసుకుపోతేనే బయటికి. నాలుగో రోజు "ఇంటికి ఎప్పుడు పోతాం?" అని మొదలుపెట్టింది.

మిగిలింది క్యాంపు. 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. ఈ క్యాంపుల పేర్లు అప్పటివేనని ఊళ్లో చెప్పుకుంటారు. కారు పట్టేంత వీధులు, అక్కడక్కడా పెద్ద చెట్లు, సి.క్యాంపులో రైతుబజారు. నాలుగంతస్తుల్లో పదహారు కుటుంబాలు ఉంటే కింద అంగడికి బేరం దానంతటదే వస్తుంది, వెంచర్లో కుదరంది అదే. అంబులెన్స్ వస్తుంది, సర్వీసు ఆటో దొరుకుతుంది. ధర మాత్రం మూడింటిలో ఇదే ఎక్కువ, పైగా నేల మీద సొంత గజం ఉండదు.

నడకకు అక్కడా అడ్డంకులున్నాయి. ఫుట్‌పాత్ మీద మనిషి నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీ ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మన పెద్దరోడ్ల మీద ఫుట్‌పాత్ దొరికితే దానిమీద బైకులు, జనరేటర్, షాపు బోర్డు. తోపుడు బండ్లవాళ్లను నేను ఆ జాబితాలో కలపను. వాళ్లకు చోటు చూపించమని 2014లో చట్టమే వచ్చింది, పైగా మా అమ్మ బయటికి పోయేదే వాళ్లకోసం. మెయిన్ రోడ్డు దాటడం మాత్రం క్యాంపులోనైనా పాతూర్లోనైనా దేవుడి మీద భారమే.

తమ్ముడికి నా మాట: అమ్మానాన్నలను తెచ్చి పెట్టుకునే ఆలోచన ఉంటే క్యాంపు. బడ్జెట్ చాలకపోతే పాతూర్లో అంబులెన్స్ వచ్చే వీధిలో, నీళ్లు రాని ఎత్తులో ఇల్లు దొరికేదాకా ఆగు. వెంచర్ తీసుకోవాలంటే గేటు నుంచి బస్‌స్టాపుకు ఒకసారి నడిచి చూడు, చుట్టూ ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయో రాత్రి ఎనిమిదింటికి లెక్కపెట్టు.

వాడు శనివారం రాత్రి వెంచర్‌కు పోయొచ్చాడు. పదకొండు దీపాలట. "అన్నా, స్థలం మాత్రం శానా బాగుంది" అన్నాడు మళ్లీ. వాళ్లావిడ ఫోన్ లాక్కుని, ఆ ఫ్లాటుకు లిఫ్ట్ ఉందేమో కనుక్కోమంది. రేపు పొద్దున కనుక్కుంటాను.