అయిదు బండ్ల పొలాలు: బ్రిటన్‌లో మోటర్‌హోమ్ బసపై ఒక సమీక్ష

గత సెప్టెంబరులో మా అమ్మానాన్నలు తెనాలి దగ్గరి మా ఊరి నుంచి లీడ్స్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక మోటర్‌హోమ్‌ను, అంటే పడకలూ వంట ఏర్పాటూ లోపలే ఉన్న బండిని, ఏడు రోజులకు అద్దెకు తీసుకొని ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న కంబ్రియా మీదుగా స్కాట్లాండ్ వెళ్లి వచ్చాము. ఆ ఏడు రాత్రుల్లో అయిదింటిని కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్ తన సభ్యుల కోసం గుర్తించిన చిన్న పొలాల్లో గడిపాము. కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇంటి బండి. 1907లో ఏర్పడిన ఈ క్లబ్ ఆ పొలాలను సర్టిఫికేటెడ్ లొకేషన్లు అంటుంది. వాడుకలో అందరూ సీఎల్ అంటారు. ఒక్కో చోట అయిదు బండ్లకు మించి ఉండవు. వయసు మళ్లిన తల్లిదండ్రులతో, చిన్న పిల్లలతో మోటర్‌హోమ్ ప్రయాణం అనుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఈ ఏర్పాటును గట్టిగా సిఫారసు చేస్తాను. దానికి కారణం తక్కువ ధర ఒక్కటే కాదు. మొదటి రాత్రి మేము చేసిన పొరపాటు చెబితే అసలు కారణం అర్థమవుతుంది.

బండి అద్దెకిచ్చిన సంస్థవాళ్లు తాళాలతోపాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. స్కాట్లాండ్‌లో రాత్రిపూట ఎక్కడైనా బండి ఆపుకొని పడుకోవచ్చునని, ఇంగ్లండ్‌లో కూడా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇబ్బంది ఉండదని అందులో రాసి ఉంది. అది నమ్మి, కంబ్రియాలో ఒక రాతిగోడ పక్కన కాస్త వెడల్పుగా ఉన్న జాగా చూసి ఆగాము. అమ్మ అన్నం వార్చి, పప్పు తాలింపు పెడుతుండగా తలుపు తట్టిన చప్పుడైంది. చేతిలో టార్చిలైటుతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆ జాగా తనదేననీ, తెల్లవారుజామున గొర్రెలను ఎక్కించుకునే ట్రాలీ ఆ గేటులోంచే బయటికి రావాలనీ, మా వెనక చక్రం సరిగ్గా గేటు రెక్క తెరుచుకునే చోట ఉందనీ మర్యాదగానే చెప్పారు. గేటు చీకట్లో మాకు కనబడనే లేదు. క్షమించమని అడిగి బయలుదేరాము. నేను కొంచెం చిన్నబుచ్చుకోవడం చూసి నాన్నగారు, "ఆయన అడిగిందాంట్లో తప్పేముందిరా? కోతల రోజున మన చేలోకి దిగే బాటకు అడ్డంగా ఎవడో లారీ పెట్టి పడుకుంటే నేను ఊరుకుంటానా?" అన్నారు. ఆ రాత్రి ఎం6 మోటర్‌వే పక్కన సర్వీసెస్‌లో (ప్రయాణికులు ఆగే విశ్రాంతి స్థలంలో) డబ్బు కట్టి, లారీల రొద మధ్య పడుకున్నాము.

మరునాడు ఉదయం కూర్చొని చట్టం చదివాను. ఇంగ్లండ్‌లో బండిలో పడుకోవడమే నేరమని చెప్పే చట్టం ఏదీ లేదు; అలాగని ఎక్కడ పడితే అక్కడ పడుకునే హక్కూ లేదు. ఖాళీగా కనిపించే ప్రతి జాగాకూ ఎవరో ఒక యజమాని ఉంటారు, ఆ యజమాని వెళ్లమంటే వెళ్లాలి. కారు పార్కులలో, రోడ్ల పక్కన కొన్నిచోట్ల రాత్రి బసను స్థానిక కౌన్సిళ్లు విడిగా నిషేధిస్తాయి. అనుమతి లేకుండా ఒకరి భూమిలో ఆగడం మామూలుగా సివిల్ తగాదా మాత్రమే. అయితే 2022లో వచ్చిన పోలీస్, క్రైమ్, సెంటెన్సింగ్ అండ్ కోర్ట్స్ చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో ఒక కొత్త నేరాన్ని చేర్చింది: బండితో సహా మకాం పెట్టి, చెప్పుకోదగ్గ నష్టమో ఇబ్బందో కలిగించి లేదా కలిగించే అవకాశం ఉండి, వెళ్లమన్నా వెళ్లకపోతే మూడు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు, బండినీ స్వాధీనం చేసుకోవచ్చు. అడగగానే కదిలిన మాలాంటివారికి ఇది వర్తించదు. కానీ యజమాని మాటకు ఉన్న బరువు ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంగ్లండ్ నైరుతిలోని డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతం సంగతి కొందరు మిత్రులు ప్రస్తావించారు. 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు అక్కడి ఉమ్మడి భూముల్లో బస చేసే హక్కును సమర్థించిన మాట నిజమే. ఆ హక్కు కాలినడకన గానీ గుర్రం మీద గానీ వెళ్లి గుడారం వేసుకొనేవారిది, బండ్లది కాదు.

స్కాట్లాండ్ విషయంలో మా పుస్తకం చేసిన తప్పు మరింత పెద్దది. 2003 నాటి స్కాట్లాండ్ భూసంస్కరణల చట్టం ఇతరుల భూమిలో బాధ్యతగా నడిచే హక్కును, సైకిల్ తొక్కే హక్కును, గుడారం వేసే హక్కును అందరికీ ఇచ్చింది. అదే చట్టం మోటారు బండ్లను ఈ హక్కు నుంచి స్పష్టంగా మినహాయించింది. మరో గందరగోళం 15 గజాల లెక్క. 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం రోడ్డు వదిలి ఇతరుల నేల మీదికి బండి నడపడం నేరం, కానీ ఆపడం కోసమే అయితే రోడ్డుకు 15 గజాల లోపల నేరం కాదు. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. ఈ మినహాయింపు వల్ల అక్కడ ఆపే హక్కు రాదని అదే సెక్షన్ కొంచెం కిందే చెబుతుంది. శిక్ష పడకపోవడం వేరు, హక్కు ఉండడం వేరు. ఈ రెండింటినీ కలిపేసి పర్యాటకుల చేతికి పుస్తకంగా ఇవ్వడం నాకు చాలా బాధ కలిగించింది. 1865 నాటి ఆక్రమణ చట్టం కూడా స్కాట్లాండ్‌లో ఇంకా అమల్లో ఉంది. యజమాని సమ్మతి లేకుండా ప్రైవేటు భూమిలో మకాం వేయడాన్ని అది నేరంగానే చూస్తుంది.

సీఎల్ పొలాల విలువ ఇక్కడే కనిపిస్తుంది. 1960 నాటి కారవాన్ స్థలాల చట్టం ప్రకారం బండ్లకు బస ఇచ్చే స్థలానికి లైసెన్సు ఉండాలి, నివాసానికి అమర్చిన మోటారు బండి కూడా ఆ చట్టం దృష్టిలో కారవానే. అయితే చిన్న రైతులను దృష్టిలో పెట్టుకొని కొన్ని మినహాయింపులు ఇచ్చారు. ఎవరి జాగాలోనైనా ఒక్క బండి రెండు రాత్రులకు మించకుండా, ఏడాదిలో మొత్తం 28 రోజులు దాటకుండా ఉండవచ్చు. అయిదెకరాలు, అంతకు మించి ఉన్న కమతంలో ఒకేసారి మూడు బండ్ల వరకు, అదీ ఏడాదిలో 28 రోజులకే. వీటికి తోడు, గుర్తింపు పొందిన క్లబ్ ఒక పొలాన్ని పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తే, ఆ క్లబ్ సభ్యుల బండ్లు అయిదింటి వరకు అక్కడ లైసెన్సు లేకుండానే బస చేయవచ్చు. అంటే యజమాని సమ్మతి, చట్టం సమ్మతి రెండూ ముందే కుదిరిన చోట మనం పడుకుంటాము. రైతుకు వ్యవసాయం పక్కన కొంత రాబడి వస్తుంది. మేము కట్టింది రాత్రికి 18 పౌండ్లు.

స్కాట్లాండ్‌లోని పెర్త్‌షైర్‌లో మేము రెండు రాత్రులు ఉన్న పొలం గురించి వివరంగా చెప్పాలి. గేటు దగ్గర చిన్న బోర్డు తప్ప ఇంకే ఆర్భాటమూ లేదు. లోపల కోసిన గడ్డి, మూడు వైపులా రాతిగోడ, ఒక మూల మంచినీళ్ల కుళాయి, దానికి బాగా దూరంగా మరుగుదొడ్డి క్యాసెట్‌ను (బండిలోని మరుగుదొడ్డి కింద ఉండే మలం పెట్టెను) ఖాళీ చేసే గుంట. ఏది ఎక్కడ కడగాలో చెక్క మీద పెయింటుతో రాసి ఉంది. బండికీ బండికీ మధ్య ఆరు మీటర్ల ఎడం ఉండాలనే నిబంధనను యజమానురాలు స్వయంగా వచ్చి, అడుగులతో కొలిచి మరీ పాటింపజేశారు. ఒక బండికి నిప్పంటుకుంటే పక్కదానికి పాకకూడదని కారణమూ చెప్పారు. డబ్బు కవరులో పెట్టి గోడకున్న పెట్టెలో వేయమన్నారు. ఆ సాయంత్రం ఆమె భర్త నాన్నగారిని వెంటబెట్టుకొని బార్లీ కోసిన మడి చూపించారు. నాన్నగారికి ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా మొదలు కోసిన దుబ్బును చేతిలోకి తీసుకొని, దిగుబడి గురించి ఇద్దరూ వేళ్లతో లెక్క వేసుకుంటూ అరగంట నిలబడ్డారు.

లోపాలు లేవని అనను. చాలా సీఎల్ పొలాల్లో స్నానాల గదులుండవు. మరుగుదొడ్డి బండిలో ఉండితీరాలి. ఎక్కువ చోట్ల ఫోను ద్వారానే చోటు ఖాయం చేసుకోవాలి, రైతు పొలంలో ఉంటే ఫోను ఎత్తరు. వాన పడితే గడ్డి మీద చక్రాలు జారుతాయి కాబట్టి, ముందు రోజే నేల ఎలా ఉందో అడగడం మంచిది. సభ్యత్వం లేనివారికి చోటివ్వరు, కనుక ఒక్క రాత్రి కోసం ఏడాది చందా కట్టడం దండగే. 1901లో మొదలైన క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్‌కు కూడా ఇలాంటి అయిదు బండ్ల పొలాలున్నాయి. గుడారాలు కూడా వేసుకొనేవారికి అవి మేలు. మిగిలిన ఒక్క రాత్రి స్కాట్లాండ్‌లోని లోక్ లోమండ్ సరస్సు దగ్గరి జాతీయ ఉద్యానవనంలో పర్మిట్ తీసుకొని ఉన్నాము. 2017 నుంచి అక్కడ మార్చి 1కీ సెప్టెంబరు 30కీ మధ్య గుర్తించిన ఒడ్డుల్లో అనుమతి లేని మకాం కుదరదు. చోటు అందంగా ఉంది, పర్మిట్ కూడా చవకే. కాని నీళ్లు మనమే తెచ్చుకోవాలి.

వచ్చే ఏప్రిల్‌లో రెండు రాత్రులకు పెర్త్‌షైర్ పొలంలోనే చోటు అడిగి ఉంచాము. గొర్రెలు ఈనే కాలం అదేనని యజమానురాలు చెప్పారు. అప్పటికల్లా మళ్లీ వస్తానని నాన్నగారు ఆ దంపతులకు సైగలతోనే మాటిచ్చారు.