ఉప్పుగాలిలో ఏడేళ్లు: యమహా ఎఫ్310తో నా అనుభవం

ముందే తేల్చి చెప్పేస్తాను. నలభై దాటాక గిటార్ పట్టిన నాలాంటివాడికి ఈ గిటార్ సరిపోయింది, ఇంకా సరిపోతూనే ఉంది. కానీ విశాఖలో గిటార్ కొనడం ఒక ఎత్తు, దాన్ని సముద్రం నుంచి కాపాడుకోవడం ఇంకో ఎత్తు. రెండోదానికి కూడా కాసిని డబ్బులు పక్కన పెట్టుకోండి.

దీనికి ముందు ఒకటి కొని చేతులు కాల్చుకున్నాను. 2017లో మూడువేల లోపు వస్తోందని ఆన్‌లైన్‌లో తెప్పించాను. నీలం రంగు, అద్దంలా మెరుపు. పేరు చెప్పను, అలాంటివి చాలానే ఉన్నాయి. పేరుకి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగమే గానీ నేను కూర్చునేది కంట్రోల్ రూములో, కాబట్టి వేళ్లు మెత్తన. వారం తిరిగేసరికి ఎడమచేతి నాలుగు వేళ్లూ బొబ్బలెక్కాయి. "ఈ వయసులో అవసరమా మీకు?" అంది మా ఆవిడ. నిజమే కాబోలు అనుకుని అటక మీద పడేశాను.

ఆర్నెల్లయ్యాక జగదాంబ దగ్గర హార్మోనియంలు, తబలాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గిటార్‌ని కంటి ఎత్తుకి లేపి, తుపాకి గురిచూసినట్టు నెక్, అంటే పొడుగాటి మెడ, వెంబడి చూసి, "ఇదేటి బాబూ, గిటారా, రాముడి విల్లా?" అన్నాడు. నా పర్సు అడిగి తీసుకుని, అందులోంచి ఏటీఎం కార్డులు బయటకి లాగాడు. పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద, లావు తీగ కింద ఒక్కో కార్డూ దూర్చుకుంటూ పోయాడు. నావి రెండు, ఆయనవి రెండు, చివరికి షాపులో కూర్చున్న ఇంకెవరిదో ఒకటి. ఐదు కార్డులు పట్టాయి!

ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. మూడు కార్డులంటే 2.3 దగ్గర. మొదలుపెట్టేవాడికి ఆ లావు తీగ, అంటే ఆరో తీగ, ఎత్తు అంతకు కాస్త అటూ ఇటూ ఉండాలి. ఐదు కార్డులంటే 3.8. అంత ఎత్తునుంచి తీగని ఫ్రెట్ మీదకి అదమడమంటే వాయించడం కాదు, బస్కీలు తీయడం. నా వేళ్ల తప్పు కాదని తెలిసి ఎంత ఊరటో! ఈ ఎత్తునే గిటార్ వాళ్లు యాక్షన్ అంటారు. అప్పట్నుంచి ఎవరు గిటార్ కొంటానన్నా నేను చెప్పేది ఒకటే: రంగు చూడకండి, మూడు కార్డులు జేబులో పెట్టుకుని షాపుకెళ్లండి.

ఆ గిటార్ని బాగుచేస్తే అయ్యే ఖర్చు దాని ధరకంటే ఎక్కువని ఆయనే చెప్పాడు. అలా 2018 జూన్‌లో ఈ ఎఫ్310 కొన్నాను. ఎనిమిదివేల చిల్లర అయింది. ఈసారి షాపుకే వెళ్లి, నాలుగు పీసులు దింపించి, కార్డులు దూర్చి చూసి మరీ తీసుకున్నాను. షాపు కుర్రాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చూసుకోనీ.

దీని స్కేలు పొడవు, అంటే తీగ మోగే పొడవు, 634 మిల్లీమీటర్లు, నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర నెక్ వెడల్పు 43. పైచెక్క స్ప్రూస్, అయితే ఒకే పలక కాదు, పొరలు అతికించిన ప్లైవుడ్ రకం. గిటార్ తెలిసినవాళ్లు ఇక్కడే పెదవి విరుస్తారు. "సాలిడ్ టాప్ కొనాల్సింది, వాయించేకొద్దీ నాదం పండుతుంది" అంటారు. నాదం సంగతి ఒప్పుకుంటాను. మిత్రుడి సాలిడ్ టాప్ పక్కన పెట్టి వాయిస్తే నాది కాస్త మూగగానే ఉంటుంది. కానీ గాలిలో తేమ పెరిగితే ఒకే పలకగా ఉన్న చెక్క ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొరల చెక్కలో ఒక పొర పోగు ఇంకో పొరకి అడ్డంగా ఉంటుంది కాబట్టి ఆ కదలిక తక్కువ. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ హాయి అంటారు. మన ఊళ్లో ఉక్కపోతకి బట్టలు కూడా ఆరని రోజులెన్నో మీకు తెలుసు. ఏసీ గది, హ్యుమిడిటీ మీటరు ఉన్నవాళ్లు సాలిడ్ టాప్ కొనుక్కోండి. కిటికీలు తీసుకుని బతికేవాళ్లకి నా ఓటు పొరల చెక్కకే.

సముద్రం దెబ్బ ఏమిటో నాకు ఇల్లు మారాక తెలిసింది. మొదటి మూడేళ్లు కూర్మన్నపాలెంలో ఉన్నాం. అక్కడ ఒక స్ట్రింగ్స్ సెట్ మూడు నెలలు వచ్చేది. అమ్మాయి కాలేజీ కోసం 2021లో లాసన్స్ బే కాలనీకి మారాం. మూడో అంతస్తు, బాల్కనీలోంచి సముద్రం కనబడుతుంది. అందరూ అదృష్టమన్నారు. గిటార్ గోడకి తగిలించాను. ఇరవై రోజులకి మొదటి తీగ మీద వేలు జార్చితే గరగర, వేలికొనకి గోధుమరంగు మరక. అదే గిటార్, అదే రకం తీగలు, మారింది గాలి ఒక్కటే.

తుప్పు ముందు పట్టేది ఒకటో తీగకీ, రెండో తీగకీ. అవి పైన చుట్టలేని ఉత్త ఉక్కు తీగలు. మిగతా నాలుగింటికీ పైన కంచు చుట్ట ఉంటుంది. వాటికి తుప్పు పట్టదుగానీ చుట్టల సందుల్లో చెమట, మురికి చేరి నాదం చచ్చిపోతుంది. ఈ చుట్టలో మళ్లీ రెండు రకాలున్నాయి. 80/20 అంటే రాగి 80, జింకు 20. మొదట్లో గలగలమంటుంది, త్వరగా నల్లబడుతుంది. ఫాస్ఫర్ బ్రాంజ్ అంటే రాగి 92, తగరం 8 దాకా. కొంచెం మెత్తని నాదం, మన్నిక మెరుగు. బీచ్ పక్కనున్నవాళ్లు మొదటిదాని జోలికి పోవద్దు.

చివరికి పొరపూసిన తీగలకి మారాను, ఎలిక్సిర్‌వి. గోర్‌టెక్స్ బట్ట తయారుచేసే గోర్ కంపెనీవే ఈ తీగలూ. మామూలు సెట్‌కి మూడింతలు ధర. మొదటిసారి కొన్నప్పుడు మా ఆవిడకి చెప్పలేదు. నాకు మాత్రం ఇక్కడ నాలుగు నెలలు వచ్చాయి, లెక్క వేస్తే అదే చవక. గోడకి తగిలించడం మానేసి, గిటార్‌ని గట్టి కేసులో సిలికా జెల్ సంచులతో పెడుతున్నాను. వాయించాక తీగల కింద నుంచి కూడా పాత బనీను గుడ్డతో తుడవడం మరో అలవాటు.

ఇంత చేసినా మూడు వర్షాకాలాలకి బ్రిడ్జి (పైచెక్క మీద తీగల్ని బిగించే ముక్క) వెనక పైచెక్క కాస్త పొంగింది. నాలుగో కార్డు దూరడం మొదలైంది. మళ్లీ జగదాంబ పెద్దాయనే దిక్కయ్యాడు. బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నపట్టీని శాడిల్ అంటారు, దాన్ని అడుగున ఒకటిన్నర మిల్లీమీటరు అరగదీశాడు. శాడిల్ ఎంత తగ్గిస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర అందులో సగమే తగ్గుతుందట. ఒక కార్డు తగ్గాలంటే రెండు కార్డులు అరగాలన్నమాట. నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, అల్లెన్ కీతో పావు చుట్టు బిగించి, "రేపటేల దాకా ముట్టకు, చెక్క సర్దుకోవాల" అన్నాడు. నేనైతే తొందరపడి ఒక చుట్టు తిప్పేసి ఉండేవాణ్ణి.

ఇక నేర్చుకోవడం. తీగలు 12-53 సెట్ (అన్నిటికంటే సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) అయితే ఆరూ కలిపి డెబ్బై కిలోల దాకా లాగుతుంటాయి. మొదటి ఏడాది 10-47 సెట్ వేసుకోండి, వేళ్లకి చాలా తేడా తెలుస్తుంది. నాకు ఆర్నెల్లు అడ్డుపడింది ఎఫ్ కార్డ్ (ఇది ఏటీఎం కార్డు కాదు, ఒకేసారి మోగించే కొన్ని స్వరాల గుంపు). చూపుడువేలు ఆరు తీగల మీదా పడుకోబెట్టాలి కదా. వేలి లోపలివైపు కండ మెత్తన, గీతల దగ్గర గుంటలు, తీగ అక్కడ పడితే టక్‌మని మూగబోతుంది. వేలిని బొటనవేలి వైపుకి కొంచెం దొర్లించి ఎముక పక్క ఆనించాలి. సగం కష్టం మాత్రం నట్‌దే. నట్ గాడులు ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ వంగదు. అది తెలుసుకోవాలంటే మూడో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ అదిమి పట్టే క్లిప్) పెట్టి అదే ఎఫ్ ఆకారం పట్టి చూడండి. అక్కడ సులువుగా పలికితే మీ వేలు బాగానే ఉంది, నట్ గాడులు దించాలి.

నైట్ డ్యూటీ వారం, అంటే మా సీ షిఫ్ట్ వారం, నేర్చుకున్న సీ కార్డ్ కూడా మరిచిపోయేవాణ్ణి. గంటలకి గంటలు ఆదివారం వాయించడం కంటే రోజూ పావుగంట నయమని నాకు తెలిసింది అలాగే. ఒక నిమిషంలో జీ నుంచి సీకి ఎన్నిసార్లు మారగలనో లెక్కపెట్టుకునేవాణ్ణి. మొదటి వారం పద్నాలుగు. యాభై దాటాకే పాట జోలికి వెళ్లాను. మా మాస్టారు ఒక్కో తీగ మీద ఒకటి-రెండు-మూడు-నాలుగు అని వేళ్లు నడిపిస్తుంటే, చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మా ఆవిడ విని, "ఇదేముందండీ, సరళీ స్వరాలు! మూడు కాలాల్లోనూ చేయండి" అంది. చేశాను. మెట్రోనోమ్ కంటే ఆవిడ తాళమే గట్టిది, తప్పితే ఊరుకోదు.

కాపో తప్పక కొనండి. మా అమ్మాయి పాడే శ్రుతి ఐదున్నర, అంటే జీ షార్ప్. ఆ శ్రుతికి కార్డ్స్ పట్టాలంటే అన్నీ ఎఫ్‌లా చూపుడువేలు పడుకోబెట్టే బార్ కార్డులే, నా తరం కాదు. మొదటి ఫ్రెట్ మీద కాపో పెట్టి జీ ఆకారం పడితే సరిగ్గా ఐదున్నరే. ట్యూనర్ కూడా హెడ్‌స్టాక్‌కి, అంటే మెడ చివరి తలకి, తగిలించే క్లిప్ రకమే కొనండి. ఫోన్ యాప్ వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే దాని శ్రుతి చూపిస్తుంది.

ఒక్క మాట, ఇది పెద్ద ఒళ్లున్న డ్రెడ్‌నాట్ గిటార్. మా కింద ఫ్లాట్ కుర్రాడు, నాలుగో తరగతి, దీన్ని ఒళ్లో పెట్టుకుంటే గిటార్ వెనకనుంచి రెండు కళ్లు మాత్రమే కనబడ్డాయి. వాడి కుడిచెయ్యి తీగలదాకా అందలేదు. వాళ్ల నాన్నకి యమహావాళ్లదే చిన్న గిటార్ జేఆర్2 చూడమన్నాను. దాని స్కేలు 540 మిల్లీమీటర్లే. మొన్న ఆదివారం ఇద్దరూ షాపుకెళ్లారు. వెళ్లేముందు ఆయన మా ఇంటి బెల్ కొట్టి, "అన్నయ్యగారూ, మీ దగ్గర ఒక ఏటీఎం కార్డు ఎక్కువుంటే ఇస్తారా?" అని అడిగి పట్టుకెళ్లాడు.