తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు: అక్షరమాల తెలిస్తే చాలు, కంప్యూటరు వచ్చేస్తుంది

తెలుగు మీడియంలో చదివి, వయసు మీద పడ్డాక కంప్యూటరు నేర్చుకుందామని ఎవరు నా దగ్గరికొచ్చినా ఒకటే చెప్తున్నా. మౌసు పట్టడం, బొమ్మలు గీయడం, ఎక్సెల్ గళ్ళు అన్నీ తర్వాత. ముందు తెలుగు అక్షరాలు నేరుగా కొట్టే ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చుకోండి. విండోస్‌లో అది ఊరికే వస్తుంది, భాషల సెట్టింగులో తెలుగు కలుపుకుంటే చాలు. కొన్నేళ్ళుగా రోజూ దాని మీదే నా అన్నం. నాకింత మేలు చేసిన వస్తువు కంప్యూటరులో ఇంకోటి లేదు.

కందుకూరులో దస్తావేజులు, అర్జీలు రాయడం నా వృత్తి. 1998లో రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళు కంప్యూటరు మీద రిజిస్ట్రేషన్లు చేసే కార్డ్ పద్ధతి మొదలుపెట్టాక ఆఫీసుల లోపల కంప్యూటర్లు వచ్చాయి గానీ, బయట కూర్చునే మాలాంటి వాళ్ళం చాలా ఏళ్ళు చిత్తు చేత్తో రాసి డీటీపీ షాపులో కొట్టించుకున్నాం. సర్వే నంబరో, తండ్రి పేరో తప్పు పడితే మళ్ళీ ఆ షాపు ముందు నిలబడాలి. రాహుకాలం రాకముందే సంతకాలు అయిపోవాలని వచ్చిన పార్టీ చెట్టు కింద కూర్చుని గడియారం చూసుకుంటా ఉంటుంది. ఆ బాధ పడలేక యాభై దాటాక కంప్యూటరు ముందు కూర్చున్నా.

ఇన్‌స్క్రిప్ట్‌లో నాకు నచ్చింది దాని అమరిక. బళ్ళో నేర్చుకున్న వర్గాలే అక్కడ కనిపిస్తాయి. ఇంగ్లీషు కె ఉన్న బటన్ మీద క, సరిగ్గా దాని పైవరసలో ఐ దగ్గర గ. షిఫ్టు పట్టుకుంటే అవే ఖ, ఘ అవుతాయి. పక్కన ఎల్ దగ్గర త, దాని పైన ఓ దగ్గర ద. షిఫ్టుతో థ, ధ. ప, బ కూడా అంతే, హెచ్ మీద ప, దాని పైన వై మీద బ. చ-జ, ట-డ జంటలూ ఇదే లెక్కన పక్కపక్కనే ఉంటాయి. గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమ చేతి కింద ఉంటాయి, హల్లులు ఎక్కువ భాగం కుడి చేతి కింద. మ, న, వ మాత్రం ఎడమ చేతి కింది వరసలో సర్దారు. ఎఫ్ కొడితే గుడి పడుతుంది, అదే ఎఫ్ షిఫ్టుతో కొడితే ఇ. జి కొడితే కొమ్ము, షిఫ్టుతో ఉ. వత్తు కావాలంటే మధ్యలో డి కొట్టాలి. ‘విక్రయ’ అనాలంటే వ, గుడి, క, డి, ర, య. నోటితో అనుకుంటూ కొట్టుకుంటూ పోవడమే.

ఇంకో చిన్న సంగతి, మొదటిసారి చూసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ‘దస్తావేజు’లో చివరి కొమ్ముకి బదులు దీర్ఘం పడిందనుకోండి. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే ఆ దీర్ఘం ఒక్కటే పోతుంది, జ అక్కడే ఉంటుంది. డిలీట్‌తో తీస్తే మాత్రం అక్షరం మొత్తం గుణింతంతో సహా లేచిపోతుంది. ఏది ఎప్పుడు వాడాలో తెలిసిన రోజు నుంచి దిద్దుబాటు అంటే బెరుకు పోయింది.

ఇంత మంచిది ఉండగా నాకు నేర్పింది మాత్రం ఇది కాదు. నేను డబ్బు కట్టి చేరిన కంప్యూటరు సెంటరులో పాత డీటీపీ ఫాంట్లలో, టైపు మిషను అమరికలో తెలుగు నేర్పారు. ఇన్‌స్క్రిప్ట్ అనే మాట అక్కడ ఎవరి నోటా రాలేదు. కష్టపడి ఆ పాత పద్ధతే నేర్చుకున్నా, కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకసారి గుడ్లూరు వైపు పెద్ద కుటుంబం ఒకటి భాగపరిష్కారానికి, అంటే ఆస్తి పంపకాల దస్తావేజుకి వచ్చింది. మామిడి తోట, మాగాణి, ఊళ్ళో ఇల్లు, నాలుగు వాటాలు. ఒక్కో వాటాకి షెడ్యూలు (ఆస్తి వివరాల పట్టీ), చెక్కుబందీలు (నాలుగు వైపుల హద్దులు) రాసేసరికి పేజీలు పేజీలయ్యాయి. బెంగళూరులో ఉద్యోగం చేసే వాళ్ళ చిన్నబ్బాయి రాకముందే చిత్తు చూసుకుంటానంటే ఫైలు పంపా. సాయంత్రం ఫోను వచ్చింది.

“బాబాయ్, మీరు పంపింది ఏ భాషండీ? ఒక్క ముక్క అర్థం కాలా.”

ఫొటో తీసి పంపాడు. నేను రాసిన తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఉండాల్సిన చోట తలల మీద గీతలూ చుక్కలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాల గుంపు ఉంది. చేలో పందులు పడ్డట్టుంది ఆ కాగితం. ఇటు నా దగ్గర చూస్తే అక్షరం చెక్కుచెదరలా. అటు ఇద్దరు అన్నదమ్ములు, ఒక ఆడపడుచు కూర్చుని ఉన్నారు, చిన్నవాడు సరే అంటే గానీ కదలరు. చివరికి మొత్తం అచ్చు తీసి, ఒక్కో పేజీ ఫొటో కొట్టి పంపాల్సి వచ్చింది. అతను మార్పులు చెప్పినప్పుడల్లా మళ్ళీ ఫొటోలు. ఒక్క సరిహద్దు దగ్గర మూడో వాటాదారుడికి అనుమానం వచ్చి రిజిస్ట్రేషనే వాయిదా పడింది.

తర్వాత మా వీధిలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి విడమరిచి చెప్పింది. ఆ పాత ఫాంట్లలో లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల నంబర్లే, పైన తెలుగు ఆకారం తొడుగుతారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తొడుగు ఊడిపోయి లోపలిది బయటపడుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకి విడివిడిగా నంబర్లిచ్చే యూనికోడ్‌లో అట్లా కాదు, 1991 నాటి మొదటి కూర్పు నుంచే తెలుగుకి సొంతంగా 128 గళ్ళ స్థలం ఇచ్చారు. క అంటే ఏ దేశంలో తెరిచినా క. ఇన్‌స్క్రిప్ట్‌తో కొట్టేది ఆ యూనికోడే. “మీ కంప్యూటరులోనే ఉంది తాతయ్యా” అని ఆ అమ్మాయే రెండు నిమిషాల్లో పెట్టిచ్చింది. విండోస్ బటన్, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు పోయి తెలుగు వస్తుంది. డబ్బు తీసుకుని నేర్పే వాళ్ళు ఈ సంగతి మొదటి రోజు చెప్పి ఉండాల్సింది. ఆ మాట మీద నాకిప్పటికీ కోపమే.

దీని విలువ పూర్తిగా తెలిసింది 2022 ఏప్రిల్‌లో. జిల్లాల విభజనలో మా కందుకూరును, గుడ్లూరు, ఉలవపాడు, లింగసముద్రం, వోలేటివారిపాలెంతో సహా ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. నా దగ్గర విక్రయం, దానం, భాగపరిష్కారం, కౌలు, వీలునామా, అన్నిటికీ నమూనాలున్నాయి. ప్రతిదాంట్లో ‘ప్రకాశం జిల్లా’ నాలుగైదు చోట్ల ఉండేది. చేత్తో అయితే ఎంత పనో! కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కి, ఒక మాటను వెతికి ఇంకో మాటగా మార్చే పెట్టె తెరిచి, పై గడిలో ‘ప్రకాశం జిల్లా’, కింది గడిలో ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా’ అని తెలుగులోనే కొట్టా. ఖాళీ నమూనాలన్నీ మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు సిద్ధం. పాత ఫాంట్ల రోజుల్లో ఆ గడుల్లో ఏం పడిందో చదవడానికే వీలయ్యేది కాదు. ఫైళ్ళ పేర్లు కూడా తెలుగే పెట్టుకుంటున్నా. ‘ఓగూరు’ అని ఊరి పేరుతో వెతికితే ఓగూరు దస్తావేజులన్నీ వరసగా వచ్చి నిలబడతాయి.

అయితే పార్టీల పేర్లున్న దస్తావేజుల్లో అన్నీ ఒకేసారి మార్చే బటన్ జోలికి నేను పోను, మీరూ పోవద్దు. మా వైపు భూముల చరిత్ర అట్లాంటిది. కందుకూరు తాలూకా 1970 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరొచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కాబట్టి ఒకే చేను 1968 లింకు డాక్యుమెంటులో (అదే ఆస్తి మీద అంతకుముందు జరిగిన దస్తావేజులో) నెల్లూరు జిల్లాలో, 1971 దాంట్లో ఒంగోలు జిల్లాలో, 1980 దాంట్లో ప్రకాశం జిల్లాలో ఉంటుంది. పాత దస్తావేజును ఉదహరించే చోట ఆనాటి పేరే ఉండాలి. ఆస్తి ఇప్పుడెక్కడుందో చెప్పే షెడ్యూల్లోనే ఇప్పటి జిల్లా పేరు పడాలి. పైగా ఈ జిల్లాల్లో ప్రకాశం అన్న పేరున్న మనుషులకి కొదవ లేదు. ‘జిల్లా’ మాట కలపకుండా మార్చారా, అమ్మే ఆసామి పేరే మారిపోతుంది. ఒక్కొక్కటి చూసి మార్చే బటన్ పక్కనే ఉంది, కాస్త ఆలస్యమైనా అదే వాడుతున్నా.

నోటితో అనుకుంటూ కొట్టుకుంటూ పోవడమే అని పైన అన్నాను గదా, అది అన్ని మాటలకీ చెల్లదు. ‘ఏప్రిల్‌లో’ అని రాయాలంటే ల్ దగ్గర ఆగాలి. మామూలుగా కొడితే రెండు ల లూ కలిసిపోయి ‘ఏప్రిల్లో’ అవుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఆ కలవడాన్ని ఆపే కనిపించని అక్షరం ఒకటుంది, దాన్ని విడిగా కొట్టాలి. ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఇంటిపేర్లు రాసే నాకు రోజూ దానితో పనే. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బటన్ల మీద తెలుగు అక్షరాలు ఉండకపోవడం ఇంకో ఇబ్బంది. స్టిక్కర్లు అంటించా, ఎండాకాలం చెమటకి క, త, ర, ల ముందే అరిగిపోయాయి. అప్పటికి వేళ్ళకే తెలిసిపోయింది గనక సరిపోయింది. అచ్చులో గౌతమి ఫాంటు నాకు నచ్చలేదు, వత్తులు సన్నగా పడి ముసలి సాక్షులు చదువుకోలేకపోయారు. మండలి ఫాంటు పెట్టుకుని, సైజు పెంచాక బాగుంది.

నేను పొద్దున లేస్తే తెలుగు రాసేవాణ్ణి, అందుకని నాకిది ఇంత గొప్పగా కనిపిస్తుండొచ్చు. నెలకి ఒక అర్జీ రాసుకునే వాళ్ళకి ఈ అమరిక వేళ్ళకి ఎక్కేదాకా ఓపిక పట్టడం దండగ, విండోస్‌లోనే ఉన్న ఫొనెటిక్‌తో ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ’ కొట్టుకుంటే సరిపోతుంది. అదీ యూనికోడే. ఇంగ్లీషు ఉద్యోగాలకి పోయే పిల్లలు ముందు ఇంగ్లీషు టైపింగే పట్టుకోవాలి. మా దగ్గర ప్రెస్సుల్లో కొందరు పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు ఇంకా పాత ఫాంట్లలోనే అడుగుతున్నారు, ఆ పని మీద ఉన్నవాళ్ళు రెండూ నేర్చుకోక తప్పదు. దస్తావేజులు, సంఘాల లెక్కలు, పంచాయతీ తీర్మానాలు రాసేవాళ్ళయితే మాత్రం, సెంటరులో డబ్బు కట్టేముందు ఇన్‌స్క్రిప్ట్ నేర్పుతారా అని అడగండి. ఆ పేరే వినలేదంటే ఇంకో సెంటరు చూసుకోండి.