వరి పొలానికి ఏది మేలు: పశువుల ఎరువా, జీలుగా?

తొలకరి దగ్గర పడితే చాలు, ఈ ప్రశ్న నన్ను అడగని రైతు ఉండడు. జీలుగ అంటే పొలంలోనే పెంచి, పచ్చిగా ఉండగానే దున్ని ఎరువుగా మార్చే పచ్చిరొట్ట పైరు. మాగిన పశువుల ఎరువు ఏ నేలకైనా మంచిదే, కాదనను. కానీ అసలు చూడవలసింది ఎరువు గొప్పతనం కాదు, అది పొలానికి ఎంత చేరుతుందన్నది.

పశువుల ఎరువులో నత్రజని అర శాతమే. ఎకరాకు 4 టన్నులు తోలితే అందేది 20 కిలోలు. అందులోనూ తొలి పంటకు దక్కేది కొంతే. ఊళ్లో పాడి తగ్గిపోయింది. పెంట కొనాలి, ట్రక్కుకు ఎత్తించాలి, తోలించాలి, చల్లించాలి. పైగా ఇప్పుడు అమ్మకానికి వచ్చేది చాలావరకు మాగని సరుకు. పిడికెడు తీసి చూడండి: గడ్డిపరకలు ఇంకా కనిపిస్తూ, చేతికి వెచ్చగా, ముక్కుకు ఘాటుగా తగిలితే అది ఎరువు కాలేదు. దానితో పాటు కలుపు గింజలను కూడా డబ్బిచ్చి పొలంలోకి తెచ్చుకున్నట్టే.

జీలుగకు ఈ మోత లేదు. ఎకరాకు 10 నుంచి 12 కిలోల విత్తనం చల్లితే రొట్ట పొలంలోనే పెరుగుతుంది. బాగా ఎదిగిన చేలో 8 టన్నుల వరకు వస్తుంది. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. చౌడును, నీటి నిలవను తట్టుకుంటుంది కాబట్టి డెల్టా పొలాలకు నా ఓటు దీనికే. ఇలాంటి రొట్ట పైర్లలో జనుము కూడా మంచిదే గానీ నీళ్లు నిలిస్తే ఆగదు. పశువులున్నవారు పిల్లిపెసర వేసుకుంటే మేతా దొరుకుతుంది.

అయితే జీలుగకు అదును ముఖ్యం. 45 నుంచి 50 రోజులకు, పూత మొదలవుతుండగానే కలియదున్నాలి. కాండం విరిస్తే పుటుక్కున విరగాలి. పీచు సాగుతూ ఊడి వచ్చిందంటే ఆలస్యమైనట్టే, అది త్వరగా చివకదు. దున్నాక వారం, పది రోజులు నీళ్లు నిలగట్టి, ఆ తర్వాత నాట్లు వేయాలి.

కోళ్ల ఎరువులో పోషకాలు ఎక్కువే, వేడి కూడా ఎక్కువే. మాగబెట్టకుండా వేయకండి. వర్మీకంపోస్టు కూరగాయల మడులకు సరే, వరికి ఖర్చు గిట్టదు.

నాట్లకు ముందు నెలన్నర తడి దొరకని మెట్ట రైతుకు మాత్రం జీలుగ చెప్పను. అక్కడ పశువుల ఎరువే దిక్కు. గట్ల మీద గిరిపుష్పం చెట్లు నాటుకుంటే ఏటా కొమ్మలు నరికి ఆకు కూడా చేలో వేసుకోవచ్చు.