చిన్న విమానం ల్యాండింగ్‌లో ముందు చక్రం మేలా, తోక చక్రం మేలా?

సొంత విమానాల యాక్సిడెంట్లలో ల్యాండింగ్ దగ్గర జరిగేవే ఎక్కువ, కాకపోతే వాటిలో చాలావరకు ప్రాణాలు పోవు, రెక్క వంగుతుంది, ప్రొపెల్లర్ పోతుంది, రిపేర్ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకుని పాత విమానం ఏదైనా కొందామనుకునే మనవాళ్ళు రేటు గురించీ స్పీడు గురించీ తెగ అడుగుతారు గానీ చక్రాలు ఎలా ఉన్నాయని అడగరు, నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

సెస్నా కంపెనీ చిన్న విమానాలు 170, 172 తీసుకోండి. 170 వచ్చింది 1948లో, తోక చక్రంది. దానికే తోక చక్రం తీసేసి ముక్కు కింద చక్రం పెట్టి 1956లో 172 అని అమ్మారు, ఇప్పటికి 44 వేలకు పైగా తయారయ్యాయి. జనం ఎటు మొగ్గారో అక్కడే తెలిసిపోతుంది.

తేడా ఎక్కడంటే బరువు ఎక్కడుంది అన్న దగ్గర. తోక చక్రం దాంట్లో బరువు పొట్ట కింద ఉండే రెండు మెయిన్ చక్రాలకి వెనకాల ఉంటుంది, కాబట్టి రన్‌వే మీద కొంచెం పక్కకి తిరిగితే ఆ బరువు ఇంకా తిప్పేయాలనే చూస్తుంది. సూపర్ మార్కెట్ ట్రాలీని వెనక్కి తిప్పి గట్టిగా తోసి వదిలితే గిర్రున తిరిగిపోతుంది చూడండి, అచ్చం అదే. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు, రెక్క కొన నేలకి తగులుతుంది, ఒక్కోసారి గేర్ (చక్రాల కాళ్ళు) కూడా విరుగుతుంది. ముందు చక్రం దాంట్లో బరువు మెయిన్ చక్రాలకి ముందుంటుంది కాబట్టి కొంచెం వంకరగా దిగినా తనే సర్దుకుంటుంది, క్రాస్ విండ్ (పక్క నుంచి కొట్టే గాలి) ఉన్న రోజు ఇది ఎంత పెద్ద సాయమో కొత్త పైలట్‌కి బాగా తెలుస్తుంది.

అలాగని ముందు చక్రంతో గండం లేదని కాదు. స్పీడు ఎక్కువై నేల మీద ఆనకుండా తేలుతూ పోతుంటే కంగారులో ముక్కు కిందకి నొక్కేస్తారు, ముందు చక్రం మొదట తగిలి ఎగురుతుంది, మళ్ళీ నొక్కుతారు, ఇంకా గట్టిగా ఎగురుతుంది, రెండు మూడు సార్లకి ఆ చక్రం కాలు విరిగి ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుంటుంది. ప్రొపెల్లర్ తగిలిందంటే ఇంజన్ కూడా విప్పి చూడాల్సిందే. 65 నాట్ల స్పీడుతో రావాల్సినవాళ్ళు 75తో వస్తే పది నాట్లే కదా అనిపిస్తుంది, కానీ ఆపాల్సిన శక్తి మూడో వంతు పెరిగిపోతుంది. ఒక్కసారి గట్టిగా ఎగిరిందా, ఇంక సరిచేద్దామని చూడొద్దు, ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ చేయండి, అంటే మళ్ళీ పైకి లేచి చుట్టూ తిరిగి ఇంకోసారి దిగడానికి రండి.

మరి తోక చక్రం ఎందుకు పనికొస్తుందంటే గడ్డి, రాళ్ళ నేల మీద. ముక్కు పైకి ఉంటుంది కాబట్టి ప్రొపెల్లర్‌కి ఖాళీ ఎక్కువ, అలాస్కాలో అవి అంతగా కనిపించేది అందుకే. మన దేశంలోనూ ఒకప్పుడు ఫ్లయింగ్ క్లబ్బుల్లో హెచ్‌ఏఎల్ (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) చేసిన పుష్పక్ విమానం మీద నేర్చుకునేవాళ్ళు, అది తోక చక్రందే, తర్వాత ఎన్‌ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) చేసిన హన్స విమానానికి ముందు చక్రం పెట్టారు. అమెరికాలో తోక చక్రం నడపాలంటే విడిగా ట్రైనింగ్ తీసుకుని ఇన్‌స్ట్రక్టర్‌తో మన లాగ్‌బుక్‌లో (పైలట్ ఎగిరిన లెక్క రాసుకునే పుస్తకం) సంతకం పెట్టించుకోవాలి.

చక్రాలు లోపలికి ముడుచుకునేవి మొదటి విమానంగా అసలొద్దు. స్పీడు కొంచెం పెరుగుతుంది నిజమే, కానీ గేర్ దించడం మర్చిపోయి పొట్ట మీద దిగినవాళ్ళలో బాగా అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు.

నా మాట: కొనేది 172 లాంటి ముడుచుకోని ముందు చక్రందే కొనండి, తోక చక్రం మాత్రం అద్దెకి తీసుకుని ఇన్‌స్ట్రక్టర్‌తో నేర్చుకోండి, రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక) పెడల్స్ మీద కాళ్ళు ఎలా ఆడాలో అదే నేర్పుతుంది. పాత 172 చూడ్డానికి వెళ్తే మెకానిక్‌ని తీసుకెళ్ళి ఇంజన్ వెనకాల ఉండే అడ్డు రేకు (ఫైర్‌వాల్) మీద ముడతలున్నాయేమో చూడమనండి, ముక్కు మీద గట్టిగా దిగిన విమానానికి దెబ్బ అక్కడే కనిపిస్తుంది, అక్కడ రిపేర్ చేసిన గుర్తులుండి విమానం లాగ్‌బుక్‌లో (రిపేర్లు రాసే పుస్తకం) ఆ ఊసే లేకపోతే ఎంత తక్కువకి ఇస్తానన్నా కొనకండి.