చింక్వే తెర్రె పైదారిలో మూడు రోజులు

ఇటలీలో చింక్వే తెర్రె అనగానే సముద్రం ఒడ్డున రంగురంగుల ఇళ్ల ఫొటోలే గుర్తొస్తాయి గానీ, ఆ ఐదు ఊళ్లకూ పైన కొండల మీద ఒక్కో మరియమాత క్షేత్రం ఉంది, వాటన్నిటినీ కలుపుతూ ఒక దారీ ఉంది. అక్టోబరు మొదటివారంలో మేమిద్దరం ఆ దారినే నడిచాం. కిందిదారిలో టికెట్, తోపులాట. పైన గంటసేపు నడిచినా ఇద్దరు ముగ్గురు ఎదురుపడితే ఎక్కువ.

ఎత్తు తక్కువే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఎక్కడం, మళ్లీ ఊళ్లోకి దిగడం, మళ్లీ ఎక్కడం, రోజంతా ఇదే పని. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లం కదా అనుకున్నాం, కానీ అక్కడ పైకప్పు నీడ ఉంటుంది. ఆ ఐదు ఊళ్లలో ఒకటైన మనరోలా నుంచి కొండ మీది వొలాస్త్రాకి ఎక్కే మెట్లలో ఒకటి బెత్తెడు, ఇంకోటి మోకాలెత్తు. మోకాళ్ల నొప్పులుంటే వొలాస్త్రా దాకా బస్సెక్కేయండి, తప్పు లేదు. అక్కణ్ణుంచి పక్క ఊరు కోర్నిల్యా దాకా ద్రాక్షతోటల్లో నడక మాత్రం వదలొద్దు. ఆ గట్లన్నీ సున్నం, సిమెంటు లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టినవే. ఒకచోట గట్టు జారిపోతే ఒక పెద్దాయన ఒక్కో రాయినీ తిప్పి చూసి, అంచు సుత్తితో కొట్టి, సందుల్లో చిన్న రాళ్లు దోపుతున్నారు, పావుగంట అలా చూస్తూ నిలబడిపోయాం.

మొదటి రాత్రి కింద ఊళ్లో తీసుకున్న గదికి డబ్బు దండగ: వేడినీళ్లు రాలేదు, మెసేజ్ పెడితే జవాబు లేదు. రెండో రాత్రి మొంతెరోస్సో పైన, దాదాపు 460 మీటర్ల ఎత్తులో ఉన్న సొవియోరె క్షేత్రంలో ఉన్నాం. యాత్రికులకిచ్చే సాదా గది, శుభ్రమైన దుప్పటి, చీకటి పడ్డాక చడీచప్పుడూ లేదు, పొద్దున్నే చెట్ల పైనుంచి సముద్రం. మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే. ముందే బుక్ చేసుకోండి.

శాకాహారులకు ఫరినాతా ఉంది. శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పళ్లెంలో కాలుస్తారు. మిరియాలపొడి చల్లుకుని వేడివేడిగా తినాలి.

వాన హెచ్చరిక ఉంటే బయల్దేరొద్దు. 2011 అక్టోబరు 25న వరద, బురద ఈ ఐదింటిలోని వెర్నాజ్జా, మొంతెరోస్సో ఊళ్లను ముంచేశాయి. మాకు పడింది చిన్న జల్లే, అయినా సొవియోరె నుంచి దిగే రాళ్లబాట నున్నగా జారింది, చేతికర్రలు లేకపోతే ఆ దిగుడు మావల్ల అయ్యేది కాదు.